కోటగిరి దారిలో పళ్ళ సంగతులు

నిజామాబాదు పట్నానికి పూర్వం ఇందూరు అని పేరు. అక్కడి నుంచి బోధన్ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు పోతే కోటగిరి వస్తుంది. మంజీరా నదికి దగ్గరగా ఉన్న ఊరు అది. నది దాటితే మహారాష్ట్ర. దారి పొడుగునా కాలవలూ, వరి మళ్ళూ, అక్కడక్కడ చెరుకు తోటలూ కనిపిస్తాయి.

ఈ వేళ మనం ఆ దారినే బస్సులో ప్రయాణం చేద్దాం. మనతో పాటు కోటగిరి పాప ఒకతె కూడా ఉన్నదనుకోండి. పన్నెండేళ్ళది. పై పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే, నిజామాబాదులో పళ్ళ డాక్టరుగారు ఆ ఉదయమే క్లిప్పులు పెట్టారు. ఒక్కొక్క పంటికి ఒక చిన్న లోహపు బిళ్ళ అంటించి, ఆ బిళ్ళలన్నిటినీ కలుపుతూ సన్నని తీగ బిగించారు. పళ్ళు సలుపుతున్నాయి. పాప పెదవులు మూసుకుని కూర్చున్నది. డాక్టరుగారు, "నెల తరవాత మళ్ళీ రండి," అన్నారు. మరి ఈ నెల్లాళ్ళూ ఆ పళ్ళను ఎవరు చూడాలి? ఈ ప్రయాణంలో మనం తెలుసుకోవలసిన సంగతి అదే.

తీగ పంటిని ఎలా జరుపుతుందో ముందు చూద్దాం. పన్ను గోడలో మేకులాగా ఎముకలో దిగగొట్టి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారలుంటాయి. పన్ను వాటి మీద ఊయెలలాగా ఆని ఉంటుంది. తీగ మెల్లగా ఒక వైపుకు నొక్కుతుంటే, ఆ వైపు ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది. వెనక వైపు కొత్త ఎముక పుడుతుంది. ఇలా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది. కనకనే ఈ వైద్యానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది.

వంకర పళ్ళను సరిచేయాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియర్ ఫోషార్, గుర్రపు లాడం వంటి లోహపు పట్టీకి పళ్ళను దారంతో కట్టే పద్ధతిని 1728లో అచ్చయిన తన పుస్తకంలో వివరించాడు. ఇప్పటి పద్ధతికి దారి చూపినవాడు అమెరికాలోని మైకేల్ బ్యూనోకోర్. పంటి పైపొరను ఆమ్లంతో కొద్దిగా గరుకు చేస్తే దాని మీద జిగురు గట్టిగా అంటుకుంటుందని ఆయన 1955లో చూపించాడు.

బస్సు ఇంకా నిజామాబాదు దాటలేదు. ఈ ఊరి మార్కెట్టు పసుపుకు పేరు పడ్డది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడే ప్రారంభమైంది. పసుపు లేని కూర మన ఇళ్ళలో ఉండదు కదా! తీగను బిళ్ళలకు పట్టి ఉంచే చిన్న రబ్బరు ఉంగరాలు లేత రంగువైతే, నాలుగు రోజుల్లో అవి పచ్చబడతాయి. దానికి అమ్మా నాన్నా కంగారు పడనక్కరలేదు. ఆ మరక పంటికి ఏ చెరుపూ చేయదు. డాక్టరుగారు మళ్ళీ చూసినప్పుడు కొత్త ఉంగరాలు వేస్తారు. భయపడవలసింది పసుపు మరకకు కాదు, తెల్ల మచ్చకు. ఆ మచ్చ కథ బోధన్‌లో చెప్పుకుందాం.

అదుగో, బోధన్ వచ్చింది. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని ఇక్కడివారు చెబుతారు. ఏకచక్రపురం అంటే బకాసురుడుండిన చోటు. ఊరివాళ్ళు వాడికి బండెడు అన్నమూ, దున్నపోతులనూ పంపేవారు. వాడు అన్నం తినేవాడు, దున్నపోతులను తినేవాడు, చివరికి బండి తోలుకువచ్చిన మనిషిని కూడా తినేవాడు.

మన నోట్లోనూ కంటికి కనపడని బకాసురులున్నారు. వాళ్ళే సూక్ష్మజీవులు. పళ్ళ మీద జిగటగా పట్టే పాచిలో కాపురముంటారు. మనం తిన్న తీపిని వాళ్ళూ తిని, ఆమ్లాన్ని వదులుతారు. ఆ ఆమ్లం పంటి పైపొరలోని సున్నాన్ని కరిగిస్తుంది. అంటే, తీపి తెచ్చి పెట్టిన పంటినే తినేస్తారన్న మాట! ఈ సంగతిని డబ్ల్యూ. డి. మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1890లో తన గ్రంథంలో వివరించాడు.

క్లిప్పు లేని పంటి మీద నాలుకా, పెదవీ, లాలాజలమూ తిరుగుతూ కొంత శుభ్రం చేస్తాయి. బిళ్ళ అంటించిన పంటికి ఆ సాయం తక్కువ. బిళ్ళ చుట్టూ పాచి పేరుకుంటే, నెల్లాళ్ళకే అక్కడ సున్నం తగ్గి సుద్ద వంటి తెల్ల మచ్చ కనపడవచ్చు. ఇది నొప్పి పెట్టదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. రెండేళ్ళు ఓపిక పట్టి, క్లిప్పులు తీయించుకున్న రోజున అద్దంలో చూసుకుంటే, పళ్ళు చక్కగా వరసలో ఉంటాయి. కాని ఒక్కొక్క పంటి మీదా బిళ్ళ ఉన్నచోటు చుట్టూ తెల్లని గీత ఉంటుంది. కొన్ని మచ్చలు కాలక్రమేణా తగ్గుతాయి, కొన్ని ఎన్నటికీ పోవు. నిర్లక్ష్యం చేస్తే మచ్చ కాస్తా పుచ్చుగా మారుతుంది.

బోధన్‌లో శక్కర్‌నగర్ అనే పేట ఉన్నది. శక్కర్ అంటే చక్కెర. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూలాన దానికి ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు చెరుకు బళ్ళు ఈ దారిన బారులు తీరి వచ్చేవి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు సాగూ బాగా తగ్గింది. కాని తీపి తగ్గలేదు! బస్సు ఆగితే చాలు, కిటికీ పక్కకు బిస్కట్లూ, చాక్లెట్లూ, తియ్యని చల్లని సీసాలూ వస్తాయి.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని విరిచి, పోయిన సున్నాన్ని కొంత తిరిగి చేర్చడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. భోజనంతో పాటు ఒక లడ్డు తింటే లాలాజలం ఒక్కసారి పని చేస్తే సరిపోతుంది. అదే లడ్డును అయిదు ముక్కలు చేసి, రోజంతా కొరుకుతూ ఉంటే, బకాసురుడికి అయిదు బళ్ళు పంపినట్టే. కనక ఎంత తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం.

చెరుకు గడను పళ్ళతో చీల్చడం క్లిప్పులున్నన్నాళ్ళూ మానాలి. బిళ్ళ ఊడుతుంది. సకినాలు, గట్టి మురుకులు, పల్లి పట్టీ కూడా అంతే. మక్క కంకి తినాలనిపిస్తే గింజలు ఒలుచుకుని తినవచ్చు. జామకాయను చిన్న ముక్కలుగా కోసుకోవచ్చు. మొదటి రెండు మూడు రోజులు పళ్ళు సలుపుతాయి కనక పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ హాయిగా ఉంటాయి.

బోధన్ దాటాక కాలవలు కనిపిస్తాయి. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నుంచి ఈ నీళ్ళు వస్తాయి. ఆ నీటి మూలానే ఈ మెట్ట నేలలు మాగాణులయినాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్ళు కొన్నిటికి ఇప్పటికీ "క్యాంపు" అనే పేరున్నది.

కాలవలో తూము దగ్గర ఒకసారి చూడండి. నీరు సాఫీగా పారేచోట చెత్త నిలవదు. తూము కమ్మీల దగ్గర మటుకు ఆకూ అలమూ చిక్కుకుంటుంది. మనిషి దిగి తీస్తేగాని పోదు. బిళ్ళా తీగా నోట్లో అటువంటి కమ్మీలే. అక్కడ చిక్కిన మెతుకును పుక్కిలింత కొంత కదిలిస్తుందేగాని, పాచిని వదిలించలేదు. దానికి బ్రష్షు కావాలి.

ఎలా తోమాలి? మెత్తని కుచ్చు బ్రష్షు తీసుకుని, ముందు చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా పెట్టి మెల్లగా తోమాలి. తరవాత బిళ్ళకు పై భాగం, ఆ తరవాత కింది భాగం. ఆపైన పళ్ళ లోపలి వైపూ, నమిలే వైపూ. తీగ కిందికి సీసాలు కడిగే కుంచె వంటి బుల్లి బ్రష్షు దూరుతుంది; మందుల దుకాణాల్లో దొరుకుతుంది. ఉదయమూ, రాత్రి పడుకునే ముందూ తప్పకుండా తోమాలి. రాత్రి మరీ ముఖ్యం, ఎందుకంటే నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. బడిలో మధ్యాహ్న భోజనం కాగానే పంపు దగ్గర గట్టిగా పుక్కిలించాలి.

పేస్టులో ఫ్లోరైడు ఉండాలి. నల్లగొండ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు ఎక్కువై ఎందరి పళ్ళూ ఎముకలూ చెడిపోయిన సంగతి మీరు విని ఉంటారు. మరి అదే ఫ్లోరైడు పేస్టులో ఎందుకు? తాగే నీటిలో మితిమీరితే అది చెరుపు. పేస్టులో కొద్దిగా, పంటి పైన మాత్రమే తగిలితే, పోయిన సున్నం తిరిగి చేరడానికి సాయం చేస్తుంది. కనక బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మివేయాలి.

కోటగిరి వచ్చింది. పాప ఇంటికి పోగానే నాయనమ్మ, "యాప పుల్ల ఉండంగ ఈ బురుసెందుకు బిడ్డా?" అని అడగవచ్చు. వేపపుల్ల మన పెద్దలు వాడినదే. అయితే అది బిళ్ళ వెనకకు దూరదు; గట్టిగా తగిలితే బిళ్ళ ఊడవచ్చు. క్లిప్పులు తీసేదాకా బ్రష్షే వాడాలి. బొగ్గు, ఇటుక పొడి మాత్రం ఎప్పుడూ వద్దు. అవి పంటిని అరగదీస్తాయి.

వారం పది రోజులకు తోముతుండగా చిగుళ్ళ నుంచి రక్తం రావచ్చు. "రక్తం వస్తున్నది, ఇక తోమవద్దు," అంటారు కొందరు. అది పొరపాటు. పాచి మూలానే చిగురు వాచి రక్తం కారుతుంది. మెత్తగా, శ్రద్ధగా తోమితే వారం, పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుగారికి చూపించాలి. చిగుళ్ళు మరీ వాస్తే, వైద్యం మధ్యలో ఆపి తీగ తీసివేయవలసి వస్తుంది కూడా.

తీగ చివర బుగ్గకు గుచ్చుకుంటే, డాక్టరుగారిచ్చిన మైనాన్ని చిన్న ఉండ చేసి దాని మీద అద్దాలి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పుండుకు హాయి. బిళ్ళ ఊడితే లాగవద్దు; కబురు చేసి, చెప్పిన రోజున పోవాలి. క్లిప్పులు తీశాక పళ్ళు వెనక్కు జరగకుండా ఇచ్చే పట్టీని కూడా చెప్పినన్నాళ్ళు పెట్టుకోవాలి.

కోటగిరి నుంచి నిజామాబాదు 40 కిలోమీటర్లు. ఆ దారిన నెలకొక రోజు పోతే తీగ బిగించే పని డాక్టరుగారు చేస్తారు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ ఆ పళ్ళకు వైద్యం చేసేది పాపే. బ్రష్షు పట్టిన చేతిలోనే ఆ వైద్యమున్నది.