ఇల్లుబండి ఆగిన చోట

అమెరికాలో ఇంటిని వెంటబెట్టుకుని ప్రయాణం చేసేవాళ్ళు లక్షల మంది ఉన్నారు. వారి బండి పైకి బస్సులా కనబడుతుంది. లోపలికి పోయి చూస్తే అది బస్సు కాదు, ఇల్లు. మంచాలు, వంటపొయ్యి, భోజనాల బల్ల, రిఫ్రిజిరేటరు, స్నానాల గది, అన్నీ అందులోనే ఉంటాయి. మంచినీళ్ళకు ఒక తొట్టి, వాడిన నీళ్ళకు మరొక తొట్టి నేల కింద అమర్చి ఉంటాయి. పొయ్యికి గ్యాసు, దీపాలకు బ్యాటరీలు ఉంటాయి. కొన్ని బండ్లకు సొంత ఇంజను ఉంటుంది. కొన్నిటికి ఉండదు, వాటిని మరొక మోటారు వెనక తగిలించి లాక్కుపోతారు. అక్కడివాళ్ళు వీటిని “ఆర్‌వీ” అంటారు. మనం ఇల్లుబండి అందాం.

ఇల్లే బయలుదేరితే ఇంట్లో ఉండేవాళ్ళందరూ బయలుదేరవలసిందే కదా! అందుచేత చాలామంది తమ కుక్కనూ, పిల్లినీ కూడా తీసుకుపోతారు. కుక్క కిటికీ దగ్గర కూర్చుని వెనక్కు పోయే చెట్లను చూస్తుంది. పిల్లి తన మూలలో పడుకుని నిద్రపోతుంది.

బండి నడిచినంతసేపూ అందరికీ హాయిగానే ఉంటుంది. చిక్కు వచ్చేది అది చెడిపోయినప్పుడే. మామూలు కారు చెడిపోతే మెకానిక్కుకు అప్పజెప్పి ఇంటికి పోవచ్చు. ఇల్లుబండి చెడిపోతే, ఇల్లే మరమ్మతుకు పోయిందన్నమాట! అప్పుడు మనుషులు ఎక్కడ ఉండాలి? వారి వెంట ఉన్న మూగజీవాలు ఎక్కడ ఉండాలి?

ఇటువంటి చిక్కు వస్తే ఎంత ఇబ్బందో తెలియాలంటే వయోమింగ్ రాష్ట్రం చూడాలి. తూర్పు పడమరలుగా దేశాన్ని దాటే పెద్ద రహదారి ఈ రాష్ట్రంలో 400 మైళ్ళ పొడుగున పోతుంది. ఊరికీ ఊరికీ మధ్య ఎటు చూసినా ఎండిన గడ్డీ, పొట్టి పొదలూ తప్ప చెట్టన్నది కనబడదు. అక్కడి గాలి చాలా బలమైనది. గాలి మరీ పెద్దదయితే ఎత్తయిన, తేలికైన బండ్లు పోరాదని దారి పక్కన హెచ్చరిక వెలుగుతుంది. ఇల్లుబండ్లు గాలికి పక్కకు ఒరిగిపోతాయి గనక, అవి ఎక్కడో ఒకచోట ఆగవలసిందే. దారి పక్క మైదానంలో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువులు మేస్తూ ఉంటాయి. అవి గంటకు 50 మైళ్ళకు పైగా పరుగెత్తగలవు.

ఈ దారిమీద రాలిన్స్ అనే ఊరు ఉన్నది. అది సముద్రమట్టానికి 6,800 అడుగుల ఎత్తున ఉన్నది. అంటే మన తిరుమల కొండకు రెండింతల ఎత్తు. 1867లో జాన్ రాలిన్స్ అనే సేనాని రైలుదారి కోసం నేల చూసేవారితో కలిసి అక్కడికి వచ్చాడు. ఆ ఎండు నేలలో ఒక మంచినీటి ఊట దొరికింది. ఆ ఊటకు అతని పేరు పెట్టారు. మరుసటి ఏడు రైలుదారి రాగానే అక్కడ ఊరు వెలిసింది.

రాలిన్స్‌కు పడమరగా ఒక చిత్రమైన నేల ఉన్నది. మామూలుగా వానపడితే నీళ్ళు వాగులో చేరి, వాగు నదిలో చేరి, నది సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ కురిసిన వాన ఏ సముద్రానికీ పోదు. చుట్టూ నేల ఎత్తుగా, మధ్య పళ్ళెంలాగా ఉండడం చేత నీళ్ళు అక్కడే నిలిచి, ఎండకు ఇగిరిపోతాయి. నీళ్ళు ఇగిరినా వాటిలోని ఉప్పులు ఇగరవు. అవి తెల్లని పొడిలాగా నేలమీద మిగులుతాయి. అమెరికా పడమటి భాగంలో ఇటువంటి చవిటి నేలలు చాలా ఉన్నాయి. గాలికి ఆ పొడి లేచి కళ్ళలో పడితే మంట పుడుతుంది. ఆ నేలమీది నీళ్ళు తాగితే జబ్బు చేస్తుంది.

ఇటువంటి నేలమీదుగా 1903లో ఇద్దరు మనుషులూ, ఒక కుక్కా మోటారులో ప్రయాణం చేశారు. హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో తోటివారితో 50 డాలర్ల పందెం వేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్కుకు మోటారులో పోగలననీ, మూడు నెలలు కూడా పట్టవనీ ఆ పందెం. అంతకు ముందు ఎవరూ మోటారులో దేశాన్ని దాటలేదు. ఊళ్ళు దాటితే సరి అయిన రోడ్లే లేవు. ఆయన సూవాల్ క్రాకర్ అనే మెకానిక్కును తోడు తీసుకుని, వింటన్ కంపెనీ మోటారు ఒకటి కొని, మే 23న బయలుదేరాడు. ఆ మోటారుకు పైకప్పు లేదు, ముందు అద్దమూ లేదు. పక్కబట్టలు, వంటసామాను, గొడ్డలి, పార అన్నీ దానిమీదనే కట్టారు. ఒకవిధంగా అది కూడా ఇల్లుబండే!

ఐడహో రాష్ట్రంలో జాక్సన్ 15 డాలర్లు పెట్టి ఒక బుల్‌డాగ్‌ను కొన్నాడు. దాని పేరు బడ్. బడ్‌కు మోటారు ప్రయాణం తొందరగానే అలవాటయింది. గతుకు వస్తున్నదంటే ముందే చూసి కాళ్ళు బిగించుకునేది. కాని చవిటి దుమ్ముకు దాని కళ్ళు ఎర్రబడి వాచాయి. మనుషులు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. కుక్కకు మాత్రం ఎందుకు ఉండకూడదు? జాక్సన్ బడ్‌కు కూడా దుమ్ము కళ్ళద్దాలు తగిలించాడు. ఒకచోట బడ్ చెడ్డనీళ్ళు తాగి జబ్బుపడింది. అదృష్టంకొద్దీ బతికి బయటపడింది.

మోటారు చాలాసార్లు ఆగిపోయింది. చిన్న మరమ్మతులు క్రాకర్ తానే చేసేవాడు. వయోమింగ్‌లో ఒకసారి చక్రాల బేరింగులు అరిగిపోతే, ఒక రైతును బతిమాలి, గడ్డికోత యంత్రంలోని బేరింగులు తీసుకుని బిగించాడు. పెద్ద భాగాలు విరిగితే వేరే దారి లేదు. దూరాన క్లీవ్‌లాండ్‌లో ఉన్న వింటన్ కార్ఖానాకు తంతి ఇచ్చి, ఆ భాగం రైలులో వచ్చేదాకా పల్లెటూరిలో కాచుకుని కూర్చోవలసిందే. అయినా 63 రోజులలో, జూలై 26న, ముగ్గురూ న్యూయార్కు చేరారు.

ఇది జరిగి 120 ఏళ్ళు దాటింది. ఇప్పుడు మంచి రోడ్డు ఉన్నది, చేతిలో ఫోను ఉన్నది. ఇప్పటికీ విడిభాగం కోసం కాచుకోవడం మాత్రం తప్పలేదు. అమెరికాలోని ఇల్లుబండ్లలో ఎక్కువభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ పట్టణంలోనూ, దాని చుట్టుపక్కలా తయారవుతాయి. రాలిన్స్ అక్కడికి వెయ్యి మైళ్ళకు పైన. పైగా బండి అడుగుచట్రం ఒకరు చేస్తారు, రిఫ్రిజిరేటరు ఒకరు చేస్తారు, కిటికీలు ఇంకొకరు చేస్తారు. ఏది చెడితే అది తయారుచేసినవారి దగ్గరనుంచి రావాలి. వారం పట్టవచ్చు, అంతకు మించీ పట్టవచ్చు.

తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, ఒక పిల్లి ఉన్న కుటుంబం బండి ఇలాగే ఆగిందనుకుందాం. వాళ్ళు ఏం చేయాలి?

పూర్వం మన పల్లెలలో దారి మధ్య ఎద్దుబండి ఇరుసు విరిగితే, బండి తోలేవాడు మొదట కాడి దించి ఎద్దులను విప్పేవాడు. వాటిని చెట్టునీడన కట్టి, నీళ్ళు పెట్టి, గడ్డి వేసేవాడు. ఆ తరవాతనే వడ్రంగి కోసం కబురు పంపేవాడు. దాహం వేస్తున్నదని ఎద్దు నోరు తెరిచి చెప్పలేదు గదా! ఇల్లుబండికి కూడా ఇదే పద్ధతి. ముందు జీవాలు, తరవాత బండి.

మెకానిక్కు రాకముందే పిల్లిని గాలి ఆడే పెట్టెలో పెట్టి తలుపు వేయాలి. పిల్లి కొత్త మనుషులకూ, సుత్తి చప్పుడుకూ బెదురుతుంది. తలుపు తెరిచి ఉంటే చటుక్కున దూకి పారిపోతుంది. లేదా మెకానిక్కు విప్పిన చెక్క సందులో దూరి, ఎంత పిలిచినా రాదు. అది రోజూ పడుకునే దుప్పటినే పెట్టెలో పరచాలి. పిల్లికి ఇల్లంటే గోడలు కాదు, తనకు తెలిసిన వాసన. ఆ వాసన తగిలితే కొంత కుదుటపడుతుంది.

కుక్కను తాడు లేకుండా వదలరాదు. గడ్డిలో గిలకపాములుంటాయి. మెడపట్టీమీద యజమాని ఫోను నంబరు ఉండాలి. ఈ రోజులలో పశువైద్యులు బియ్యపుగింజ అంత బిళ్ళను కుక్క చర్మం కింద ఉంచుతారు. దానికి బ్యాటరీ ఉండదు. తప్పిపోయిన కుక్క దొరికినప్పుడు, చదివే యంత్రాన్ని దాని మెడ దగ్గర పెడితే బిళ్ళలోని సంఖ్య కనబడుతుంది. ఆ సంఖ్యను బట్టి యజమాని ఎవరో తెలుస్తుంది.

అన్నిటికంటె పెద్ద అపాయం ఎండ. మెకానిక్కుతో మాట్లాడేందుకు దిగుతూ, “అయిదు నిమిషాలే గదా!” అని కుక్కను కారులో ఉంచి అద్దాలు మూసేవాళ్ళుంటారు. ఇది ప్రాణంమీదికి తెస్తుంది. బయట 21 డిగ్రీల సెంటిగ్రేడు, అంటే హాయిగా చల్లగా ఉన్న రోజున కూడా, ఎండలో ఉంచిన కారులో 10 నిమిషాలలో 32 డిగ్రీలవుతుంది. అరగంటలో 40 డిగ్రీలు, గంటలో 45 డిగ్రీలు!

ఎందుకు ఇలా జరుగుతుంది? ఎండలోని వెలుగు అద్దంగుండా సులువుగా లోపలికి వస్తుంది. సీట్లు ఆ వెలుగును పీల్చుకుని వేడెక్కుతాయి. వాటివల్ల లోపలిగాలి కాగిపోతుంది. కాగిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. అద్దం రెండు వేళ్ళంత దించినా పెద్దగా తేడా ఉండదు. మనకు వేడిచేస్తే ఒళ్ళంతా చెమట పోసి, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళలోనే, అదీ కొంచెమే. అందుకని అది నాలుక చాచి రొప్పుతుంది. నోటిలోని తడి ఆరి దాని ఒళ్ళు చల్లబడుతుంది. చుట్టూ గాలే కాగిపోయి ఉంటే రొప్పి ప్రయోజనం లేదు. కుక్క ఒంటివేడి మామూలుగా 38, 39 డిగ్రీలు ఉంటుంది. అది 41 దాటితే ప్రాణాపాయం. కనుక మరమ్మతు జరిగేటప్పుడు ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు జీవాలతో నీడలో ఉండి తీరాలి. పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు.

రాత్రికి కొందరు మెకానిక్కులు తమ ఆవరణలోనే, బండిలోనే పడుకోనిస్తారు. బండి షెడ్డులో ఇరుక్కుంటే కుక్కలను రానిచ్చే హోటలు వెతుక్కోవాలి. పగలు వంతులు వేసుకుని ఊరు చూడవచ్చు. రాలిన్స్‌లో 1901లో తెరిచిన పాత జైలు ఉన్నది. 1981లో దాన్ని మూసేశారు, ఇప్పుడు అది మ్యూజియం. ఇద్దరు దాన్ని చూసి వస్తే, తక్కిన ఇద్దరూ కుక్కను చల్లని సాయంకాలం నడిపించుకు రావచ్చు. బండి ఆగకపోయి ఉంటే ఆ ఊరు వారికి కిటికీలోనుంచి ఒక్క నిమిషం కనబడి పోయేది.

వయోమింగ్ తూర్పు భాగం నుంచి ఇటువంటి మైదానాలే దక్షిణంగా టెక్సాస్ దాకా సాగుతాయి. అక్కడ అమరిల్లో అనే పట్టణంలో 1960లో మరొక ప్రయాణికుడు ఆగిపోయాడు. ఆయన జాన్ స్టయిన్‌బెక్, పేరుపొందిన రచయిత. లారీ మీద చిన్న గది కట్టించుకుని, డాన్ క్విక్సోట్ గుర్రం పేరు, రోసినాంటె అని, దానికి పెట్టి, చార్లీ అనే ముసలి కుక్కతో దేశం చూడబోయాడు. అమరిల్లో చేరేసరికి, ఎదుటి బండి ఎగరగొట్టిన రాయి తగిలి రోసినాంటె ముందు అద్దం పగిలి ఉన్నది. అదే సమయాన చార్లీకి మూత్రం సరిగా రాని పాతజబ్బు తిరగబెట్టింది. బండికీ, కుక్కకూ ఒక్కసారే వైద్యం కావలసి వచ్చింది. స్టయిన్‌బెక్‌కు అద్దంకంటె చార్లీ ముఖ్యం. ఒక యువ పశువైద్యుడు చార్లీని నాలుగు రోజులు తన దగ్గర ఉంచుకుని నయం చేశాడు. కుక్క కోలుకున్న తరవాతనే ప్రయాణం సాగింది. ఈ సంగతి ఆయన 1962లో అచ్చయిన తన పుస్తకంలో వ్రాశాడు. ఆ ఏడే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రోసినాంటె ఇప్పుడు కాలిఫోర్నియాలో, స్టయిన్‌బెక్ పుట్టిన సలీనాస్ పట్టణంలో, ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలలో ఉన్నది. జాక్సన్ మోటారును ఆయనే 1944లో వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియానికి ఇచ్చాడు. మోటారుతోపాటు మరొక వస్తువు కూడా ఇచ్చాడు. అది బడ్ పెట్టుకున్న దుమ్ము కళ్ళద్దాలు.