ఊరి పేరు... ఒకే అక్షరం!

రోడ్డు అక్కడితో ఆఖరు. ఆపైన కొండలు, చుట్టూ సముద్రం. ఆ చివరనున్న పల్లె పేరు 'ఓ'. అవును, అంతే! ఇంగ్లిష్‌ 'ఎ' నెత్తిన చిన్న సున్నా పెడితే ఊరి పేరు రాసేసినట్టే. నార్వేజియన్‌ అక్షరమాలలో ఇరవై తొమ్మిదోదీ, చిట్టచివరిదీ ఆ అక్షరమే!

ఉత్తర నార్వేలోని లోఫోటెన్‌ దీవుల్లో ఉందీ పల్లె. నీళ్ల అంచున ఎర్రటి చెక్క ఇళ్లు, కొయ్య దండేల మీద జంటలుగా వేలాడే కాడ్‌ చేపలు... ఉప్పు చుక్క తగలకుండా ఫిబ్రవరి నుంచి మే దాకా చలిగాలికే ఎండుతాయవి. వాటిని ఎక్కువగా కొనేది ఇటలీవాళ్లు. ఇక, మే ఆఖరు నుంచి జులై మధ్య వరకూ ఇక్కడ అర్ధరాత్రీ సూర్యుడు కనిపిస్తాడు.

ఇంతకీ 'ఓ' అంటే ఏంటో తెలుసా? ఏరు! ఊరి వెనకున్న సరస్సు నుంచి సముద్రంలోకి పారే చిన్న వాగే ఈ పల్లెకు పేరు పెట్టింది. ఇక్కడ ముగిసే ఇ-10 రహదారి దాదాపు 850 కిలోమీటర్ల అవతల స్వీడన్‌లోని లూలియోలో మొదలవుతుంది. ఆ పేరు చివర వినిపించే 'ఓ' కూడా ఇదే... అంటే 'లూలె ఏరు' అన్నమాట. ఊమియో, పీటియో పట్టణాలదీ అదే కథ. ఐస్‌లాండ్‌లో ఈ మాటనే 'ఔ' అంటారు. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో 'ఆ' పేరుతో వాగులున్నాయి. లాటిన్‌లో నీటిని సూచించే 'ఆక్వా' కూడా ఈ కుటుంబానిదే. ఇంగ్లిష్‌ 'ఐలాండ్‌'లోని మొదటి భాగమూ ఈ నీటి మాట నుంచే వచ్చింది!

అయితే, పుట్టింట్లో ఆ మాటకు ఆదరణ తగ్గింది. నార్వేలో ఇప్పుడు నదిని మామూలుగా 'ఎల్వ్‌' అంటారు. పాత మాట ఎక్కువగా ఊళ్ల పేర్లలోనే మిగిలింది. డెన్మార్క్‌లో ఏటిని నేటికీ 'ఓ' అనే పిలుస్తారు కానీ, అక్కడ అక్షరానికే కష్టమొచ్చింది. ఏరు సముద్రంలో కలిసేచోటు కాబట్టి ఆర్హుస్‌ నగరానికి ఆ పేరొచ్చింది. 1948లో సున్నా అక్షరంతో రాయడం మొదలైన ఆ పేరును, ఇంటర్నెట్‌లో ఇబ్బంది లేకుండా 2011లో పాత పద్ధతికి మార్చి, మళ్లీ రెండు 'ఎ'లతో రాస్తున్నారు.

లోఫోటెన్‌ పల్లె మాత్రం 1917కి ముందు వాడిన రెండు 'ఎ'ల వైపు మళ్లలేదు. ఒంటి అక్షరం మోజులో పర్యటకులు పేరు పలకనే ఎత్తుకుపోయిన సందర్భాలున్నాయి. పలక పోయినా ఫర్వాలేదు... ఊరి పేరు చెప్పడానికి పక్కనే ఏరు పారుతూనే ఉంది!