బిలాస్‌పూర్ నుంచి గుగ్గిలపు అడవికి

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చిన నాటి నుంచి ఈ ఊరి బతుకు పట్టాలతో ముడిపడింది. కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు కూడా తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. కట్నీ వైపు వెళ్లే రైలు కర్గీ రోడ్, బెల్గహనా దాటి, ఖోంగ్‌సరా తరువాత మైకల్ కొండలెక్కుతున్నకొద్దీ, హిందీవారు సాల్ అనే గుగ్గిలం చెట్ల రాజ్యం ఆరంభమవుతుంది. ఈ చెట్టు చేవ చెదనూ తేమనూ తట్టుకుంటుంది గనుక, పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్ దుంగలకు దానిని విరివిగా నరికారు. ఆ కలపను కాపాడే పేరుతో బైగా గిరిజనుల పోడు సేద్యాన్ని నిషేధించి, 1890 ప్రాంతంలో దానిని ‘బైగా చక్’ అనే కొద్దిపాటి ప్రాంతానికి పరిమితం చేశారు.

పెండ్రా రోడ్ స్టేషన్‌లో దిగి, నర్మద పుట్టిన అమర్‌కంటక్ వైపు కొండదారి పట్టిన యాత్రికుడికి, కొన్ని గుగ్గిలాల మొదట్లో రంపపు పొట్టు కుప్పలు కనిపిస్తే, అవి సాల్ బోరర్ అనే పెంకుపురుగు ఆనవాళ్లని గ్రహించాలి. తొలకరికి బయటికి వచ్చే ఈ పురుగు బెరడు మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపలికి తొలుచుకుంటూ చేవ దాకా పోతాయి. బలమైన చెట్టు తన జిగురులోనే వాటిని ముంచి చంపుతుంది, కాని పురుగులు విపరీతంగా పెరిగిన ఏడాది ఆ రక్షణ చాలదు. 1920లలో మండ్లా అడవులను, 1990ల చివర, బిలాస్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉండగా, ఈ ప్రాంతమంతటినీ ఈ తెగులు కుదిపివేసింది. లక్షలాది చెట్లు దెబ్బతిన్నాయి, వాటిని నరికివేయాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

గొడ్డలి కన్న మేలైన ఉపాయం ఎర దుంగ. అప్పుడే పడగొట్టిన గుగ్గిలాన్ని ముక్కలు చేసి, బెరడును చితకగొట్టి అడవిలో ఉంచితే, కారే రసం వాసనకు పురుగులు దూరం నుంచి ఎగిరివచ్చి, తాగి మందగించి బెరడు కింద దాగుతాయి. గిరిజన గ్రామస్థులు వాటిని చేత్తో ఏరి, తలలు తుంచి లెక్క చూపితే, అటవీశాఖ తలకింత అని కూలి ఇస్తుంది. కూలి పుచ్చుకున్నంత మాత్రాన ఈ సేవ చిన్నది కాదు: ఏ చెట్టు కోసం వారి సేద్యాన్ని అణచివేశారో, ఆ చెట్టును నిలబెట్టినవి వారి చేతులే.

మనుషులు పూనుకుని అడవికి చేటు చేసే జీవులను అణచే ఈ పనికి దగ్గరి ఉద్యమం న్యూజీలాండ్‌లో ఉంది. ఎలుకలు, స్టోట్ అనే ముంగిసవంటి జంతువు, చెట్లెక్కే పోసమ్ పరదేశాల నుంచి చేరి స్థానిక పక్షులను తుడిచిపెడుతుంటే, వాటిని 2050 నాటికి నిర్మూలించాలని 2016లో ప్రభుత్వం సంకల్పించింది. ఆ దేశపు టిరిటిరి మటాంగి దీవిలో స్వచ్ఛంద కార్యకర్తలు 1984 నుంచి పదేళ్లలో సుమారు 2.8 లక్షల మొక్కలు నాటారు. ఎలుకలు పోయాక పక్షులు వృద్ధి చెందాయి. ఆ నిర్మూలన సూత్రాన్ని మైకల్ కొండలకు యథాతథంగా తేకూడదు. సాల్ బోరర్ ఈ అడవి బిడ్డే. కలపను తొలిచే పురుగులు వడ్రంగిపిట్టలకు ఆహారం, ఆ పురుగులు దెబ్బతీసిన ముసలి మానుల తొర్రలు చిలుకలకూ హార్న్‌బిల్ పక్షులకూ గూళ్లు. కనుక సాల్ బోరర్‌ను మితిమీరకుండా అదుపు చేస్తే చాలు.

నిర్మూలించదగినది వేరే ఉంది. 1809లో కలకత్తా వృక్షోద్యానానికి పూల అందం కోసం తెచ్చిన అమెరికా పొద లాంటానా, 2009లో పులుల అభయారణ్యంగా మారిన, ఈ కొండల్లోని అచానక్‌మార్‌లోనూ పాకి, గుగ్గిలం మొలకలకు వెలుతురునూ జింకలకు గడ్డినీ దూరం చేస్తోంది. పైపైన నరికితే అది మళ్లీ చిగురిస్తుంది గనుక, ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం సూచించినట్లు నేలకు కొద్ది అంగుళాల కింద తల్లివేరును కోసి, పొదను తలకిందులుగా ఎత్తిపెట్టాలి. ఇది యంత్రం చేసే పని కాదు, నేల తెలిసిన మనుషులు చేసే పని. పండ్లు తిన్న పిగిలిపిట్టలు విత్తనాలను మళ్లీ అక్కడే రాల్చుతాయి కాబట్టి, శుభ్రం చేసిన చోట స్థానిక గడ్డి జాతులు నాటి, కొత్త మొలకలను ఏటేటా పెరికే బాధ్యతను గ్రామసభలకు నిలకడైన కూలితో అప్పగించాలి.