చక్రాలు దాచుకున్న కార్లు, దాచుకోని కార్లు

మామిడికాయల కాలంలో చిత్తూరు చుట్టుపక్కల దారులన్నీ తోతాపురి కాయల లారీలతో, ట్రాక్టర్లతో నిండిపోతాయి. వాటిని దాటుకుని రాణిపేట మీదుగా తూర్పుకు సాగితే, చెన్నై ఇంకా కొంత దూరం ఉన్నదనగా శ్రీపెరుంబుదూరు వస్తుంది. రామానుజాచార్యులు పుట్టిన ఊరు కనుక తిరుపతి ప్రాంతంవారికి ఈ పేరు కొత్తది కాదు. దానికి దగ్గరలోనే ఇరుంగాట్టుకోట్టై అనే చోట ఒక వింత దారి ఉన్నది. అది ఏ ఊరికీ పోదు. 3.7 కిలోమీటర్ల పొడవున, 12 మలుపులు తిరిగి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. అది మోటారు పందేల బాట.

మద్రాసులో మోటారు పందేల సంఘం 1953లో ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగటానికి షోలవరంలో వేసిన బాట యుద్ధం ముగిశాక ఖాళీగా పడి ఉండేది. మొదట పందేలు అక్కడ జరిగేవి. ఇరుంగాట్టుకోట్టై బాట 1990లో తయారయింది.

ఈ బాట మీద రెండు రకాల కార్లు పరుగెత్తుతాయి. మొదటి రకం కార్లను మీరు మీ వీధిలోనే చూసి ఉంటారు. 2010లో ఫోక్స్‌వాగన్ పోలో కార్లతో ఇక్కడ పందేలు నడిపారు. లోపలి మెత్తని సీట్లు తీసివేసి, కారు బోల్తాపడినా నడిపేవాడు నలగకుండా ఇనుప గొట్టాల పంజరం బిగిస్తారు. అయినా పైకి చూస్తే అది పక్కింటివారి కారులాగే ఉంటుంది.

రెండో రకం కారు ఏ ఇంటి ముందూ కనిపించదు. దానిలో ఒక్కరే కూర్చోవచ్చు. తలుపులు లేవు, సామాను పెట్టుకునే చోటు లేదు. మడ్‌గార్డులు లేనందువల్ల నాలుగు చక్రాలూ తూనీగ కాళ్ళలాగా బయటికి చాచుకుని ఉంటాయి. దీనిని ఫార్ములా కారు అంటారు. వేగంగా పోవటం తప్ప దీనికి వేరే పని లేదు.

మన సీమ పిల్లలకు ఈ తేడా చెప్పటం సులభం. సంక్రాంతి రోజుల్లో చంద్రగిరి దగ్గరి రంగంపేటలో పశువుల పండుగ జరుగుతుంది. ఇంటి పశువుల కొమ్ములకు పలకలు కట్టి వీధిలోకి తోలితే, కుర్రవాళ్ళు ఆ పలకలను లాక్కోవాలని ఎగబడతారు. దెబ్బలు తగిలేవారూ ఉంటారు. అక్కడ జనం, “అదుగో మన ఎద్దు!” అని కేకలు వేస్తారు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీ ఇటువంటిది కాదు. ఆ ఎడ్లను పోటీకోసమే ప్రత్యేకంగా మేపి పెంచుతారు. వాటిని చూసి జనం, “ఆహా, ఏం ఎడ్లు!” అంటారు. మొదటి దానిలో ఉన్నది మనది అనే అభిమానం. రెండో దానిలో ఉన్నది మనకు లేనిదాన్ని చూసే ఆశ్చర్యం. మోటారు పందేలలోనూ జనం ఇలాగే రెండుగా చీలిపోతారు. ఈ చీలిక మరీ స్పష్టంగా కనిపించేది అమెరికాలో.

అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరంలో 1909లో రెండున్నర మైళ్ళ బాట వేసి, దానికి ఇటుకలు పరిచారు. అక్కడ 1911లో మొదటి 500 మైళ్ళ పందెం జరిగింది. గెలిచినవాడు రే హారన్. వెనక వచ్చే కార్లను కనిపెట్టి చెప్పటానికి ఆ రోజుల్లో నడిపేవాడి పక్కన ఒక మనిషి కూర్చునేవాడు. హారన్ ఆ మనిషిని మానేసి తన కారుకు ఒక అద్దం అమర్చుకున్నాడు. 200 చుట్లు తిరగటానికి అతనికి ఆరు గంటల నలభై నిమిషాల పైచిలుకు పట్టింది. ఆ రోజున గంటకు సగటున 120 కిలోమీటర్ల వేగమే మహా గొప్ప. నేడు అదే చోట చక్రాలు దాచుకోని కార్లు గంటకు 370 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటున్నాయి.

రెండో రకం పందేలు పుట్టిన తీరు వేరు. స్టాక్ అంటే దుకాణంలో అమ్మకానికి ఉన్న సరుకు. అలా అమ్మకానికి ఉన్న కార్లతోనే పందెం నడపాలని కొందరు 1948లో నాస్కార్ అనే సంఘం పెట్టారు. 1949లో షార్లెట్ నగరంలో జరిగిన మొదటి పందెంలో గ్లెన్ డునవే అందరికన్నా ముందు వచ్చాడు. కారును విప్పి పరీక్షించగా దాని వెనక స్ప్రింగులు గట్టిపరచి ఉన్నాయి. దొంగసారా మోసేవాళ్ళు తమ కార్లకు చేయించుకునే ఏర్పాటు అది! డునవే గెలుపు చెల్లదని, రెండో స్థానంలో వచ్చిన జిమ్ రోపర్‌కు బహుమానం ఇచ్చారు. డునవే నడిపిన కారు యజమాని న్యాయస్థానానికి వెళ్ళాడు గాని నెగ్గలేదు.

1959లో డేటోనాలో జరిగిన 500 మైళ్ళ పందెం మరీ విచిత్రం. రెండు కార్లు దాదాపు ఒకేసారి గీత దాటాయి. ముందు ఒకరు గెలిచారన్నారు. ఫోటోలన్నీ తెప్పించి మూడు రోజులు పరిశీలించి, గెలిచినవాడు లీ పెటీ అని తేల్చారు. అలాంటి పందెం చూసి ఇంటికి పోయినవాడికి తన కారు మీద కూడా గర్వం కలగదా? ఆదివారం నెగ్గిన కారు సోమవారం అమ్ముడుపోతుందని అక్కడి వర్తకులు ఊరికే అనలేదు.

ఈ రెండింటిలో ఆట తీరు కూడా ఒకటి కాదు. స్టాక్ కారు బరువు ఇండియానాపోలిస్ కారు బరువుకు సుమారు రెండింతలు. దాని చక్రాలు రేకు కింద దాగి ఉంటాయి. అందుచేత ఒక కారు మరొక దానిని రాసుకుంటూ, వెనకనుంచి నెడుతూ పోవచ్చు. రేకు నొక్కుకుపోయినా పరుగు ఆగదు. ఫార్ములా కార్ల చక్రాలు ఒకదానికొకటి తగిలితే మహా ప్రమాదం. ఎందుకో తెలుసుకోవాలంటే సైకిలు చక్రాన్ని పైకెత్తి, ముందుకు పోయేటట్టు తిప్పి చూడండి. చక్రం ముందు వైపు కిందికి దిగుతూంటుంది, వెనక వైపు పైకి లేస్తూంటుంది. వెనక కారు చక్రం ముందు కారు చక్రాన్ని తాకితే, పైకి లేచే ఆ వైపు దాన్ని ఎత్తి గాలిలోకి విసిరివేస్తుంది. కనుక అక్కడ నేర్పంతా తగలకుండా దూసుకుపోవటంలో ఉంటుంది.

ఈ రెండు ఆటలూ ఆడి చూసిన భారతీయుడు నారాయణ్ కార్తికేయన్. చెన్నైలో పుట్టి కోయంబత్తూరులో పెరిగిన అతను, శ్రీపెరుంబుదూరు బాట మీదనే పందేలు మొదలుపెట్టాడు. 2005లో ఫార్ములా వన్ పందేలలోకి వెళ్ళిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ ఏడు ఇండియానాపోలిస్‌లో టైర్ల చిక్కు వచ్చి 20 కార్లలో 14 తప్పుకోగా, పరుగెత్తిన ఆరుగురిలో అతను నాలుగోవాడుగా వచ్చాడు. 2010లో అతను నాస్కార్‌వారి పికప్ బండ్ల పోటీలో దిగాడు. కిలోమీటరుకూడా లేని మార్టిన్స్‌విల్ బాట మీద, అందరూ గుద్దుకుంటూ తిరిగే చోట, తొలిసారే 13వ స్థానంలో నిలిచాడు. ఆ సంవత్సరం ఆ పోటీలన్నిటిలో అందరికన్నా ఎక్కువ అభిమానులు మెచ్చినవాడుగా ఎన్నికయింది అతనే!

మరో విశేషం ఉన్నది. అమెరికాలోని స్టాక్ కారు నేడు పేరుకే స్టాక్. దాని ముఖం దుకాణంలోని కారుది. లోపలి చట్రం, యంత్రం అంతా పందెంకోసం వేరుగా చేసినవే. కార్తికేయన్ మొదట నడిపిన ఫార్ములా మారుతి సరిగ్గా దీనికి తలకిందులు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ తయారుచేసిన ఆ చిన్న కారు ఆకారం పందెం కారుది. కాని లోపల పనిచేసింది మన వీధుల్లో తిరిగిన మారుతి యంత్రమే. ఒకటి మన కారు ముఖం పెట్టుకున్నది, మరొకటి మన కారు గుండె పెట్టుకున్నది. ఎంత వింత యంత్రమైనా అందులో మనది ఏదో ఒకటి ఉంటేనే జనం దగ్గరికి వస్తారు కాబోలు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడిచే ఫార్ములా కార్లు పరుగెత్తాయి. ఇక తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు కంపెనీ పికప్ బండ్లు తయారుచేస్తున్నది. కనుక రెండు రకాల బండ్లూ తెలుగు నేల ఎరిగినవే.

అయితే పందెం బాట మీద ఎదురు వచ్చే బండి ఉండదు. నడిపేవాడికి శిరస్త్రాణం, చుట్టూ రక్షణ, దగ్గరలో వైద్యులు ఉంటారు. మామూలు దారిలో ఇవేవీ లేవు. అందుకే తిరుమల కొండ దారికి దేవస్థానంవారు వేరే నియమం పెట్టారు. అలిపిరిలో బండి బయలుదేరిన సమయం నమోదు చేస్తారు. 28 నిమిషాలకన్నా ముందు పైకి చేరితే జరిమానా కట్టాలి. అక్కడ చక్రాలు దాచుకున్న బండి అయినా, దాచుకోని బండి అయినా, ముందు వచ్చినవాడే ఓడిపోతాడు!