ఏడో రోజు ముగిసేలోపు

వంతులవారీగా సాగే ఆటల్లో తొందరేమీ ఉండదని చాలామంది నమ్మకం. మన వంతు అయ్యేదాకా ఎదుటివాడు కదలడు. లేచి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా కోట ఎక్కడికీ పోదు. అది నిజమే. కానీ రాజ్యాలు కట్టే ఆటల్లో కొత్తవాళ్లను ఓడించేది కూడా ఈ నిశ్చింతే. నాకు ప్రాణమైన ఒక ఆటను ముందు పెట్టుకుని ఆ సంగతి చెబుతాను.

ఆ ఆట పేరు ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’. న్యూ వరల్డ్ కంప్యూటింగ్ సంస్థ తయారుచేయగా 1999లో త్రీడీవో కంపెనీ విడుదల చేసింది. పాతికేళ్లు దాటినా దాని మీద మోజు తగ్గలేదు. అభిమానులే పూనుకుని కొత్త పట్టణాలు తయారుచేసి అందులో చేరుస్తున్నారు. ఒక పట్టణం, ఒక హీరో, వెంట పిడికెడు సైన్యం, చుట్టూ చీకటి కమ్మిన పటం. అక్కడినుంచి గనులు పట్టుకోవాలి, కోట పెంచుకోవాలి, ఏంజెల్సునో డ్రాగన్లనో కొలువులో చేర్చుకోవాలి, చివరికి శత్రువు పట్టణం గెలవాలి.

తెర అడుగున ఏడు రకాల సంపద కనిపిస్తుంది: బంగారం, కలప, ఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికం, రత్నాలు. కొత్తగా ఆడేవాళ్ల కళ్లన్నీ వాటిమీదే ఉంటాయి. ఆ వరస చివర నెల, వారం, రోజు చూపే చిన్న అక్షరాలు ఉంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. ఖర్చయిన బంగారం మళ్లీ వస్తుంది, పోయిన గనిని మళ్లీ గెలుచుకోవచ్చు. గడిచిన రోజు మాత్రం తిరిగిరాదు. ఈ ఆటలో అన్నిటికన్నా విలువైన సంపద రోజే. మిగతా సలహాలన్నీ దీనినుంచే పుడతాయి.

ముందు రాబడి లెక్క చూద్దాం. పట్టణంలో మొదట ఉండే విలేజ్ హాల్ రోజుకు 500 బంగారం ఇస్తుంది. 2500 పెట్టి టౌన్ హాల్ కడితే అది 1000 అవుతుంది. ఇంకో 5000 పెట్టి సిటీ హాల్ కడితే 2000, ఆ తర్వాత 10000 పెట్టి క్యాపిటల్ కడితే 4000. రాజ్యం మొత్తానికి క్యాపిటల్ ఒక్కటే. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. మూడింటిలో ఏది కట్టినా పెట్టిన సొమ్ము సరిగ్గా 5 రోజుల్లో తిరిగొస్తుంది. ఆ తర్వాత వచ్చేదంతా మిగులే. కాబట్టి కట్టాలా వద్దా అని తర్జనభర్జన పడక్కర్లేదు, ఎంత ముందు కట్టగలమన్నదే చూసుకోవాలి. పైగా ఒక పట్టణంలో రోజుకు ఒక్క భవనమే కట్టగలం. ఖజానాలో ఎంత మూలుగుతున్నా ఇవాళ మానేసినదాన్ని రేపటిదాంతో కలిపి రెండూ కట్టడం కుదరదు. సిటీ హాల్ కావాలంటే ముందు మార్కెట్టు, కమ్మరి కొలిమి, మంత్రాలు నేర్పే మేజ్ గిల్డ్ మొదటి అంతస్తు ఉండాలి. క్యాపిటల్ కావాలంటే కోటగోడ చివరి మెట్టుదాకా లేచి ఉండాలి. ఏదో ఒక రోజు కట్టడం మరిచిపోయామంటే ఈ వరసంతా ఒక రోజు వెనక్కి జరుగుతుంది.

సైన్యం సంగతి ఇంకా ముఖ్యం. కొత్త సైనికులు వారానికి ఒక్కసారే, మొదటి రోజు ఉదయం వస్తారు. కోటగోడకు ఫోర్ట్, సిటడెల్, క్యాజిల్ అని మూడు మెట్లు. సిటడెల్ ఉంటే ఆ వచ్చేవాళ్లు ఒకటిన్నర రెట్లు, క్యాజిల్ ఉంటే రెట్టింపు. మామూలుగా వారానికి ఒక్క ఏంజెల్ వచ్చేచోట ఇద్దరు వస్తారు. ఆ గోడ ఏడో రోజు కట్టినా చాలు, మర్నాడే రెట్టింపు సైన్యం చేతికొస్తుంది. ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రం ఆ వారపు అదనపు సైన్యం పోయినట్టే. ఆరుద్ర కార్తెలో విత్తిన రైతుకీ, కార్తె దాటాక విత్తిన రైతుకీ నేల ఒకటే, విత్తనాలూ ఒకటే, పంట మాత్రం ఒకటి కాదు. ఇక్కడా అంతే. అందుకే వారం మొదట్లో రాబడి పెంచే హాళ్ల మీద, వారం చివర్లో సైన్యం పుట్టే ఇళ్ల మీదా కోటగోడ మీదా దృష్టి పెట్టాలి. క్యాజిల్‌కి డబ్బు చాలకపోతే సిటడెల్ అయినా లేపాలి.

ఇక హీరోలు. ట్యావర్న్‌లో ఇంకో హీరోను తీసుకోవడానికి 2500 అవుతుంది. మొదటి రోజే అంత ఖర్చా అని కొత్తవాళ్లు వెనకాడతారు. వెనకాడకండి. ఏ హీరో అయినా ఒక రోజులో నడిచే దూరానికి హద్దుంది. దారి పక్కన పడున్న కలప కుప్పల కోసం, పెట్టెల కోసం మీ ముఖ్య హీరో అటూ ఇటూ తిరిగితే ఆ రోజు యుద్ధం జరగదు. ఏరుకునే పని రెండో హీరోకి అప్పగించి, అతను తెచ్చిన కొద్దిపాటి సైన్యాన్ని మొదటి హీరోకి ఇచ్చేయండి. రాళ్లు పరిచిన బాట మీద నడకకు సగమే ఖర్చు, బురదనేలలో ముప్పాతిక వంతు అదనం. దారి ఎంచుకునేటప్పుడు ఇదీ చూసుకోవాలి. ఇంకో కిటుకు ఉంది. హీరో ఇవాళ ఎంత నడుస్తాడన్నది పొద్దున అతని వెంట ఉన్న దళాల్లో అన్నిటికన్నా నెమ్మదైనదాన్ని బట్టి తేలుతుంది. అందుకే వంతు ముగించేముందు నెమ్మది దళాలను పక్కన నిలబడ్డ హీరోకి ఇచ్చి, తెల్లారాక మళ్లీ తీసుకుంటే ఆ రోజు నడక పెరుగుతుంది.

వేసవి సెలవులకు మా మేనకోడలు వచ్చినప్పుడు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని వంతులు మార్చుకుంటూ ఆడాం. తన హీరో వలెస్కా, విలుకాళ్ల మీద పట్టున్న హీరో. సామిల్లు ముందు వాకింగ్ డెడ్ గుంపు కాపలా ఉంది. రైట్ క్లిక్ చేస్తే ప్యాక్ అని చూపించింది, అంటే 10 నుంచి 19 మధ్య. పిల్ల ముందురోజంతా అక్కడే ఆగిపోయింది.

“మావయ్యా, నా ఈటెవాళ్లు చచ్చిపోతారేమో!”

“ఒకరిద్దరు పోవచ్చమ్మా. ఈటెవాడి ఖరీదు 60. ఆ మిల్లు నీ చేతిలో ఉన్నన్నాళ్లూ రోజుకు 2 కలప ఇస్తుంది.”

యుద్ధంలోకి దిగాం. విలుకాళ్లను వెనక ఉంచింది. శత్రువు పది గళ్లకన్నా దూరంగా ఉంటే బాణం దెబ్బ సగమే, అప్పుడు విరిగిన బాణం గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు చూసి వెయిట్ నొక్కి ఆగింది. దగ్గరికి వచ్చాక వదిలింది. ఆ శవాలు ఒక్కో రౌండుకు మూడు గళ్లే నడుస్తాయి. ఈటెవాళ్లలో ఒకణ్ణి విడదీసి ముందుకు పంపింది. ఒక దళం ఒక రౌండులో ఒక్కసారే ఎదురుదెబ్బ కొడుతుంది. అది ఆ ఒంటరి ఈటెవాడి మీద తీరిపోగానే మిగతావాళ్లు నిర్భయంగా వెళ్లి పొడిచారు. శత్రువులు ఆ ఒక్కడితో తలపడుతున్నంతసేపూ వెనకనుంచి బాణాలు పడుతూనే ఉన్నాయి. యుద్ధం ముగిసేసరికి విలుకాళ్లంతా క్షేమం. మిల్లు మీద తన జెండా ఎగిరింది. పిల్ల కాసేపు లెక్కేసుకుని, “నిన్ననే కొట్టుంటే ఇంకో 2 కలప ఉండేది కదా!” అంది. ఆ మాట విన్నాక ఇక ఈ ఆట గురించి తనకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదనిపించింది.

దూకుడు వేరు, రోజు విలువ తెలిసి ఆడటం వేరు. ఈటెవాడు పోతే నష్టం చిన్నదే. విలుకాళ్లంతా పోతే ఆ లోటు బంగారంతో వెంటనే పూడదు, కొత్త వారం దాకా ఆగాలి. అంటే సైన్యాన్ని పోగొట్టుకోవడమంటే రోజుల్ని పోగొట్టుకోవడమే. అందుకే గుంపు లెక్క చూడకుండా మీద పడకూడదు. లాట్స్ అంటే 20 నుంచి 49, హోర్డ్ అంటే 50 నుంచి 99, త్రాంగ్ అంటే 100 దాటినట్టు. ఈ మాటలు నోటికి వచ్చేయాలి.

ఎటూ తేల్చుకోలేనప్పుడు దీనివల్ల నాకెన్ని రోజులు కలిసొస్తాయని అడగండి. పెట్టె తెరిస్తే బంగారమా అనుభవమా అని ఆట అడుగుతుంది. ఏరుకునే హీరో తెరిస్తే బంగారం తీసుకోవాలి, దాంతో ఇవాళే ఒక భవనం లేస్తుంది. ముఖ్య హీరో తెరిస్తే, ఖజానా మరీ వట్టిపోకుండా ఉంటే, అనుభవం తీసుకోవచ్చు. అనుభవం పెరిగి హీరోకి లాజిస్టిక్స్ అనే విద్య వస్తే నడక పదో వంతు నుంచి పెరుగుతూ మూడు పదోవంతుల దాకా ఎక్కువవుతుంది. ఎర్త్ మ్యాజిక్ చివరి మెట్టుకు చేరితే ఒక్క స్లో మంత్రంతో శత్రుసేన మొత్తం వేగం సగమవుతుంది. అదే విద్యలో టౌన్ పోర్టల్ మంత్రం దొరికితే ఎంత దూరాన ఉన్నా ఒక్క అడుగులో మీ పట్టణానికి వచ్చేయవచ్చు. ఇవన్నీ రోజుల్ని మిగిల్చే విద్యలు కాబట్టే అనుభవజ్ఞులు వీటి కోసం వెతుకుతారు.

పట్టణం పోతుందేమోనని భయపడి సైన్యాన్నంతా ఇంట్లో కూర్చోబెట్టకండి. పట్టణాలన్నీ పోయినా ఆట వెంటనే ముగిసిపోదు. ఏదో ఒకదాన్ని గెలుచుకోవడానికి ఇంకా 7 రోజులు గడువుంటుంది. ఇంట్లో కూర్చున్న దళం ఒక గనినీ తేదు, ఒక హీరోకీ అనుభవం ఇవ్వదు.

వంతు ముగించేముందు మూడు విషయాలు చూసుకోండి. పట్టణంలో ఇవాళ్టి భవనం లేచిందా? హీరోలంతా తమ నడకను పనికొచ్చేలా వాడుకున్నారా? సైన్యం రేపు అవసరమయ్యే చోట ఉందా? వీటికి జవాబు దొరికేదాకా ఎంతసేపైనా ఆలోచించండి, ఆట ఏమీ అనదు.

ఓడిపోతే ఆఖరి యుద్ధంలో ఏ దళాన్ని ఎటు కదిపామో తవ్వుకుంటూ కూర్చోకండి. అప్పటికే ఆట చాలావరకు తేలిపోయి ఉంటుంది. అదే పటాన్ని మళ్లీ మొదలుపెట్టి, మొదటి వారం ముగిసేసరికి ఎన్ని గనులు మీవయ్యాయో, కోటగోడ ఎంతదాకా లేచిందో కిందటిసారితో పోల్చి చూడండి. అక్కడ ఒక్క రోజు దక్కించుకోగలిగితే, ఆ చివరి యుద్ధానికి మీరు ఇంకాస్త పెద్ద సైన్యంతో వెళతారు.