ఫుల్ హై, ఉస్తాద్

మొన్న జుమ్మా నమాజ్ చదివి మసీదు మెట్లు దిగుతుంటే బెంగళూరు నుంచి మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు.

"మామూ, ఈ ఇత్వార్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదికి కారు తీసుకెళ్తున్నా. నా దోస్త్‌ది. ఆయిల్ కొత్తది పోయించా. గేజి తీసి చూశా, ఫుల్ ఉంది. ఇంకేమన్నా చూసుకోవాలా?"

ఫుల్ ఉంది అన్న మాట వినేసరికి చెప్పులు వెతుక్కునేవాణ్ణి వెతకడం ఆపేశా. దుబాయ్‌లో మెకానిక్‌గా ఉన్న రోజుల్లో ఇదే మాట నేనూ అన్నా. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ మాట ఖరీదు ఎనిమిది నెలల పాటు కట్టాల్సొచ్చింది. ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి, భాంజా కోసం ఫోన్‌లో చెప్పుకొచ్చా. ఇక్కడ రాయడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

అల్ ఖూజ్‌లో ఒక గ్యారేజీలో చేసేవాణ్ణి. మా ఉస్తాద్ మర్దాన్ నుంచి వచ్చిన పఠాన్. నన్ను పేరుతో పిలవడు, "ఓయే కడపా" అంటాడు. మా దగ్గరికి ఒక డాక్టర్ సాబ్ తన స్పోర్ట్స్ కారు తెచ్చేవాడు. రెండు తలుపుల కారు, బాక్సర్ ఇంజన్. అంటే సిలిండర్లు నిలబడి ఉండవు, రెండు పక్కలా పడుకుని ఉంటాయి. సెలవు రోజుల్లో దుబాయ్ ఆటోడ్రోమ్ మీద తోలేవాడు. ఐదున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ ట్రాక్ అది. గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది కాబట్టి కుడి మలుపులే ఎక్కువ. అబూదాబీలోని యాస్ మెరీనా దానికి ఉల్టా, ఎడమ వైపు తిరుగుతుంది. ఈ తేడా ఇంజన్‌కి సంబంధించిందని అప్పట్లో నా బుర్రకి తట్టలేదు.

ఒక గురువారం సాయంత్రం డాక్టర్ సాబ్ కొత్త టైర్లు వేయించుకోవడానికొచ్చాడు. మామూలు టైర్లు కావు, రోడ్డుని జిగురులా పట్టుకునే ట్రాక్ టైర్లు. పోతూ పోతూ అన్నాడు: "పోయినసారి పొడుగు కుడి మలుపులో ఎర్ర దీపం ఒక్కసారి మినుక్కుమంది, చూడు." చూశా. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూశా. పై గీత దాకా ఉంది. సెన్సర్ ఖరాబయ్యుంటది సాబ్ అనేశా. ఇంతలో ఉస్తాద్ చెక్ షీట్ మీద దస్తఖత్ పెడుతూ అడిగాడు, "తేల్ దేఖా?" "దేఖా. ఫుల్ హై, ఉస్తాద్."

దీపం సంగతి చెప్పలేదు. మగ్రిబ్ అజాన్ అవుతోంది, వారమంతా ఎదురుచూసిన గురువారం, రూముకెళ్లి ఇంటికి ఫోన్ చేయాలి. చెబితే కారు మళ్లీ లిఫ్ట్ మీదికి ఎక్కాలి. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నా.

మర్నాడు అసర్ వేళకి కారు రికవరీ బండి మీద వచ్చింది. స్టార్ట్ చేస్తే లోపల ఎవరో సుత్తితో తలుపు కొడుతున్నట్టు చప్పుడు. ఉస్తాద్ రెండో దెబ్బ వినకుండానే ఇంజన్ ఆపేశాడు. ఫిల్టర్ కోసి కాగితాన్ని విప్పితే దాని మడతల్లో దుపట్టా నుంచి రాలిన చమ్కీలాగా మెరుస్తోంది. అయస్కాంతం పెట్టాడు. అంటుకోలేదు. అంటుకోలేదంటే అది ఇనుము కాదు, షెల్ బేరింగుల పైపూత. కాన్‌రాడ్‌కీ క్రాంక్‌కీ మధ్య వెంట్రుక మందం సందు ఉంటుంది. అందులో ఆయిల్ పొర నిలబడినంత సేపే ఇనుము ఇనుముకి తగలదు. ఆ పొర తెగింది.

ఆయిల్ నిండా ఉంటే ఎందుకు తెగింది? దీనికి నేను దావత్‌ల లెక్క చెబుతా. నిఖాకి ఆటోలో దాల్చా గంజు పెట్టుకుని పోతుంటాం. ఆటో గట్టిగా కుడికి తిరిగితే దాల్చా ఎడమకి పోయి అంచు దాటి ఖాలాజాన్ చీర మీద పడుతుంది. గంజు నిండుగానే ఉంది. కానీ ఆ క్షణంలో కుడి వైపు గరిటె పెడితే అడుగు గీరుకుంటుంది. ఇంజన్ కింద ఉండే ఆయిల్ ఛాంబర్ ఆ గంజు. పికప్ పైపు ఆ గరిటె. మలుపులో పక్కకి లాగే బలం కారు బరువుతో సమానమైతే, దాన్నే 1 జి అంటారు, ఛాంబర్‌లో ఆయిల్ మట్టం ఏకంగా 45 డిగ్రీలు వాలిపోతుంది. మామూలు టైర్లు అంతదాకా రాకముందే జారడం మొదలుపెడతాయి. జిగురు టైర్లు జారవు, 1 జి దాటినా పట్టుకునే ఉంటాయి. అంటే డాక్టర్ సాబ్‌కి మలుపుల్లో కొత్త వేగం మేమే అమర్చి, ఆ వేగానికి కావాల్సిన ఏర్పాటు కింద చేయకుండా పంపాం.

బాక్సర్ ఇంజన్‌కి ఇంకో ముసీబత్ ఉంది. కుడి మలుపులో ఆయిల్ ఎడమ సిలిండర్ల హెడ్‌లోకి కూడా ఎక్కి కూర్చుంటుంది, మలుపు అయ్యేదాకా కిందికి దిగదు. పంపు మాత్రం ఆగదు. ఆయిల్ దొరక్కపోతే గాలి లాగుతుంది. 7000 ఆర్‌పీఎం మీద క్రాంక్ సెకనుకి 116 సార్లు తిరుగుతుంది. పొడుగు మలుపులో రెండు సెకన్లు గాలి తాగితే రెండు వందలకు పైగా చుట్లు. ఒక్క మలుపుతో చావదు. ల్యాప్ ల్యాప్‌కీ కొంచెం కొంచెం గీరుకుపోతుంది. ఆ మినుకు అదే చెబుతోంది. కంపెనీ దీపం సాధారణంగా ప్రెషర్ అర బార్ దరిదాపుల్లోకి పడిపోతేనే వెలుగుతుంది. ఆ ఆర్‌పీఎం మీద ఉండాల్సింది నాలుగైదు బార్లు. కాబట్టి దీపం ఖబర్ ఇచ్చేసరికి జనాజా లేచినట్టే.

గ్యారేజీ సేఠ్ ఇంజన్ ఖర్చులో ఒక వాటా దస్తఖత్ పెట్టిన ఉస్తాద్ జీతంలో కోస్తానన్నాడు. ఆయన ఆ ఏడు ఈద్‌కి ఊరెళ్లాలని టికెట్ పైసలు కూడబెట్టుకుంటున్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు ఫజ్ర్ తరువాత చాయ్ దుకాణం దగ్గర దీపం సంగతి చెప్పేశా. అరుస్తాడనుకున్నా, కొడతాడనుకున్నా. చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆధా తేరా, ఆధా మేరా" అన్నాడు. మొత్తం నేనే కడతానన్నా. ఒప్పుకోలేదు. తేల్ ఉందా అని అడిగాడంట గానీ, మలుపులో ఎక్కడుందని అడగలేదంట. అది ఆయన గలతీ. ఎనిమిది నెలలు ఇద్దరి జీతంలో కోత పడింది. ఈద్ రోజు ఆయన మా రూములోనే షీర్‌ఖుర్మా తాగాడు. ఆ రోజు ఆయన ఇంటికి వీడియో కాల్ చేస్తుంటే నేను బయటికెళ్లి నిలబడ్డా.

రెండో ఇంజన్ ఉస్తాద్ నా చేతే కట్టించాడు. ఛాంబర్ లోపల అడ్డు రేకులు పెట్టాం. వాటిని బాఫిల్స్ అంటారు. నీళ్ల ట్యాంకర్ లోపల అడ్డు గోడలుండేది ఎందుకో అందుకే ఇవీ. వాటికి చిన్న తలుపులు. ఆయిల్ పికప్ వైపు రావచ్చు, పోబోతే తలుపు మూసుకుంటుంది. తరువాత అక్యుసంప్ బిగించాం. రెండు మూడు లీటర్లు పట్టే సిలిండర్ అది, ఒక వైపు గాలి, ఒక వైపు ఆయిల్. ప్రెషర్ పడగానే దాచిన ఆయిల్‌ని ఇంజన్‌లోకి నెడుతుంది. చిన్న మలుపు దాటించడానికి అది చాలు. అసలు ఇలాజ్ డ్రై సంప్. ఆయిల్‌ని ఇంజన్ కింద ఉంచకుండా వేరే ట్యాంకులో నిలువుగా నింపుతారు. 1954లో అమ్మకానికొచ్చిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లోనే ఉంది. కాకపోతే పాత కారుకి దాన్ని అమర్చాలంటే ఖర్చు చూసి మనిషి ఇస్తిగ్‌ఫార్ చదువుకుంటాడు.

కొందరు గీత దాటించి లీటరు ఎక్కువ పోస్తారు. కారు తయారుచేసినవాడు ట్రాక్‌కి ఇంత పోయొచ్చని చెబితే సరే. లేకపోతే తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగ తాగినా గాలి తాగినట్టే. చిక్కటి ఆయిల్ వేడికి తట్టుకుంటుంది గానీ పికప్ దగ్గరికి దానంతట అది నడిచిరాదు.

భాంజాకి రెండు రోజుల్లో బాఫిల్స్ దొరకవు. ఆయిల్ స్విచ్ దగ్గర టీ బిగించి ప్రెషర్ గేజి పెట్టించుకోమన్నా. ముల్లు కనపడేలా ఫోన్ కెమెరా తగిలించుకోమన్నా. ఐదారు ల్యాపులకి మించొద్దు, బయటికొచ్చిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడు, ట్రాక్ మీద ఇంజన్ ఆయిల్ తాగుతుంది అన్నా. పొడుగు మలుపులో ముల్లు వణికితే ఆ రోజుకి ఖతం అన్నా. "తవక్కుల్ చేయాలి మామూ" అన్నాడు నవ్వుతూ. ఒంటె హదీస్ గుర్తు చేశా. ముందు తాడు కట్టరా బాబూ అన్నా.

నిన్న మధ్యాహ్నం జొహర్ తరువాత వీడియో పంపాడు. మూడో ల్యాప్. నేరుగా పోయేటప్పుడు ముల్లు కదలకుండా నిలబడింది. ఒక పొడుగు మలుపు మధ్యలో ఒక్కసారి సగానికి పడి లేచింది. దీపం మాత్రం వెలగలేదు. వెంటనే ఫోన్ కూడా వచ్చింది.

"బయటికొచ్చేశా మామూ. ఇంకా సగం పూట మిగిలింది. ఫీజు మొత్తం పోయింది."

గొంతులో ఏడుపొక్కటే తక్కువ. ఎంత కట్టావురా అని అడిగా. చెప్పాడు. సగం నేను పంపిస్తాన్లే అన్నా.

"మీరెందుకు మామూ?"

"ఆధా తేరా, ఆధా మేరా" అన్నా. వాడికి అర్థమైందో లేదో గానీ, నవ్వాడు.