చోటు వేరు, వస్తువు వేరు

వాట్‌గంజ్, కోల్‌కతా
ఆదివారం

బావా,

ఉత్తరం అందింది. మీ యార్డులో పంపులూ క్రేన్లూ అన్నీ కొత్త అసెట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని నీ నెత్తిన పడిందనీ, ‘ఎక్విప్‌మెంట్ మోడళ్లు మీరే నింపి ఇవ్వండి’ అంటూ కన్సల్టెంట్లు ఖాళీ ఎక్సెల్ షీటు చేతిలో పెట్టి ఫ్లైటెక్కేశారనీ రాశావు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పమన్నావు. ఇక్కడ నేను చేస్తున్నదీ ఆ పనే. పైగా పొద్దున్నుంచీ వాన గడప దాటనివ్వడం లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నేనుండే చోటు సంగతి. ఈ పేటకి కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీద వాట్‌గంజ్ అన్న పేరొచ్చింది. 1780లో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, ఆయన కౌన్సిల్ సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్లు పట్టుకుని ద్వంద్వ యుద్ధానికి దిగారే, అప్పుడు ఫ్రాన్సిస్ పక్షాన సాక్షిగా నిలబడింది ఈయనే. ఈ ఒడ్డున ఓడల యార్డు పెట్టిందీ ఈయనే. ఆ తర్వాత 1870లో పోర్టు కమిషనర్లు వచ్చారు, 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరిచారు, తర్వాత దాని పక్కన ఇంకోటి, ఇప్పుడు నేతాజీ సుభాష్ డాక్ అంటున్నది. సముద్రం ఇక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అయినా హుగ్లీలో పోటూ పాటూ ఉండనే ఉంది. నది దిగినా డాకులో నీళ్లు దిగకూడదు గనక లాక్ గేట్లు కావాలి, పంపులు కావాలి. ఓడ లోపలికి వస్తుందంటే బాస్క్యూల్ బ్రిడ్జి లేస్తుంది, రెండు వైపులా బస్సులు బారులు తీరతాయి. ఇంత పాత రేవులో యంత్రాలన్నీ ఒక్క ఈడువి ఎలా ఉంటాయి? మా వర్క్‌షాపుకి వచ్చేవీ అలాంటివే. బాడీది ఒక వయసు, మోటారుది ఒక వయసు, ప్యానెల్ మొన్నటిది. ఇక దాన్ని ‘పంపు నంబర్ 2’ అని ఒక్క లైనులో రాస్తే ఏం రాసినట్టు?

నువ్వు మొదట తేల్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. చోటు వేరు, అందులో కూర్చున్న వస్తువు వేరు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు నంబరు మారదు, మనిషి మారతాడు, దిగేటప్పుడు తన పెట్టె తను పట్టుకుపోతాడు. శాప్ (SAP) సాఫ్ట్‌వేర్‌లో చోటుని ఫంక్షనల్ లొకేషన్ అంటారు, వస్తువుని ఎక్విప్‌మెంట్ అంటారు. మాక్సిమో సాఫ్ట్‌వేర్‌లో లొకేషన్, అసెట్. పేరేదైనా రెండిటికీ రెండు నంబర్లు ఇవ్వు. ‘రెండో పంపు మోటారు ఉండే చోటు’ అన్నది ఒక నంబరు. దాని మీద బిగించి ఉన్న ఫలానా సీరియల్ మోటారు ఇంకో నంబరు.

ఎందుకో మొన్న జరిగిందే చెబుతాను. ఒక పంపు మోటారు వైండింగ్ కాలిపోయి మా దగ్గరికి వచ్చింది. నేమ్‌ప్లేటు మీద ఎవరో ఏనాడో బాడీతో పాటే బూడిద రంగు కొట్టేశారు. థిన్నర్‌లో గుడ్డ ముంచి రుద్దితే ముందు కంపెనీ పేరు తేలింది, తర్వాత కిలోవాట్లు, ఆఖర్న సీరియల్ నంబరు. యజమాని ఇచ్చిన షీటులో ఆ చోట్లో ఉన్న నంబరు ఇది కానే కాదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఇది ఒకప్పుడు పక్క పంపు మీద తిరిగిన మోటారు. ఎప్పుడో రివైండింగుకి వెళ్లి తిరిగొచ్చాక, ఆ పూట ఏ పంపు ఖాళీగా ఉంటే దాని మీద ఎక్కించేశారు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం తిరిగిన గంటలన్నీ చోటు పేరు మీదే పోగవుతూ ఉన్నాయి. అంటే ఎప్పుడో దిగిపోయిన మోటారు గంటలు దీని ఖాతాలో, దీని గంటలు ఇంకోదాని ఖాతాలో. అలాంటి లెక్క చూసి బేరింగ్ ఎప్పుడు మార్చాలో ఎవరు చెప్పగలరు? అందుకని మీటరు ఎప్పుడూ వస్తువుతో పాటు నడవాలి. పంపు తిరిగిన గంటలు ఆ సమయంలో దాని మీదున్న మోటారుకీ సీలుకీ దిగాలి. మోటారు ఊడదీసి స్టోర్లో పెట్టినా, దాని గంటలు దానితోనే ఉండాలి.

ఇక మోడల్ అంటావా, అది మూడు ప్రశ్నలకి జవాబు. ఈ రకం యంత్రంలో ఎన్ని చోట్లున్నాయి? ఒక్కో చోట్లో ఏవేవి కూర్చోవచ్చు? కూర్చున్నది ఎంతకాలం ఉండొచ్చు? మొదటిది డ్రాయింగు చూసి రాసేయొచ్చు. మూడోదానికి తయారీదారు మాన్యువల్ ఉంది. చెమట పట్టేది రెండోదాని దగ్గరే.

6312 బేరింగ్ తీసుకో. లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు, బయట 130, వెడల్పు 31. ఇందులోనే సి3 అని ఒకటుంది, కొలతలన్నీ అవే. లోపల గోళీలకి వదిలిన సందు మాత్రం కాస్త ఎక్కువ. మోటారు వేడెక్కితే లోపలి రింగు సాగుతుంది గనక ఆ సందు కావాలి. మామూలు 6312 తెచ్చి పెట్టినా షాఫ్ట్ మీద చక్కగా కూర్చుంటుంది, మోటారూ తిరుగుతుంది. కాకపోతే వేడెక్కి, తొందరగా అరిగి, ఏ అర్ధరాత్రో కూత పెడుతుంది. మన స్టోర్ల రిజిస్టర్లలోనేమో ఇదే బేరింగ్ నాలుగు రకాలుగా రాసి ఉంటుంది, అందులో మూడింటి పక్కన సి3 అన్న మాటే ఉండదు. పట్టేది వేరు, పనికొచ్చేది వేరు. ఆ తేడా రాసి పెట్టని మోడల్ వట్టి పార్టుల జాబితా. కాబట్టి షీటు నింపే ముందు ఐటమ్ మాస్టర్ శుభ్రం చేయించు, విసుక్కున్నా సరే స్టోర్ కీపర్ని పక్కనే కూర్చోబెట్టుకో.

క్రేన్ల దగ్గర దీనికి అంతర్జాతీయ నిబంధనల బలం కూడా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 152వ ఒప్పందం ప్రకారం ఓడకి చెందిన లిఫ్టింగ్ యంత్రాలని కనీసం ఐదేళ్లకోసారి పరీక్షించాలి, ఒడ్డునున్న క్రేన్లకి ఆ గడువు అధికారులు నిర్ణయిస్తారు, అన్నిటినీ 12 నెలలకోసారి క్షుణ్ణంగా తనిఖీ చేయాలి. హుక్కులూ షాకిళ్లూ కూడా ఏటా తనిఖీకి రావలసిందే. ఆ సర్టిఫికెట్ ఫలానా గుర్తు కొట్టిన ఫలానా హుక్కుకి ఇస్తారు, ‘మూడో క్రేన్ హుక్కు’ అని ఇవ్వరు. హుక్కు పక్క క్రేన్‌కి మారితే కాగితమూ దాని వెంట వెళ్లాలి. చోటునీ వస్తువునీ కలిపేసిన సాఫ్ట్‌వేర్‌లో ఆ కాగితం పాత క్రేన్ దగ్గరే ఉండిపోతుంది.

ఎంత లోతుకి వెళ్లాలని అడిగావు. ఐఎస్ఓ 14224 తిరగేస్తే పరిశ్రమ నుంచి చిన్న పార్టు దాకా తొమ్మిది మెట్లు కనిపిస్తాయి. అది చమురు, గ్యాస్ వాళ్ల కోసం రాసింది. చూసి నేర్చుకో, మొత్తం నెత్తికెత్తుకోకు. నేను పాటించే లెక్క చిన్నది. దేనికైతే సొంత సీరియలో, సొంత ఆయుష్షో, సొంత సర్టిఫికెట్టో ఉందో, దేన్నైతే విడిగా ఊడదీసి ఇంకోచోట బిగిస్తారో, దానికి మోడల్‌లో చోటు ఇవ్వు. తక్కినవి విడిభాగాల జాబితాలో పడి ఉంటాయి. బోల్టుకీ వాషర్‌కీ చోట్లు కట్టుకుంటూ పోయావంటే, ఫిట్టర్ పావుగంట పనికి అరగంట స్క్రీన్ ముందు కూర్చోవాలి. రెండోసారి కూర్చోడు.

అలాగే ‘ఒకే రకం’ క్రేన్లు రెండున్నాయంటే నమ్మేయకు. ఒకదాని స్పేర్ తీసి ఆకురాయి పెట్టకుండా రెండోదానికి బిగించగలమా అని ఫిట్టర్నే అడుగు. బిగుస్తుందంటే ఒకే మోడల్. ఒకటి రెండు చోట్లే తేడా ఉంటే అదే మోడల్‌కి వేరియంట్ కట్టు. సగం చోట్లు వేరైతే మొహమాటపడకుండా ఇంకో మోడల్ రాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరికి ఉంచాను. మోడల్ చెప్పేది ఉండాల్సిన సంగతి. యంత్రం మీద ఉన్నది ఉన్న సంగతి. రెండూ ఎక్కించగానే తెర మీద ఎర్రగుర్తులు మొలుస్తాయి. ఇక్కడ మామూలు 6312 ఉంది, అక్కడ సీరియల్ తెలియదు, ఇంకోచోట గడువు దాటిన రోప్. అప్పుడు పైనుంచి ఫోన్ వస్తుంది, ‘గో లైవ్ నాటికి అంతా పచ్చగా ఉండాలి’ అని. సులువు దారులు రెండున్నాయి. ఉన్నదాన్ని మార్చి ఉండాల్సినదని రాసేయడం ఒకటి, మోడల్‌నే సడలించి ఏదైనా కూర్చోవచ్చని రాసేయడం ఇంకోటి. రెండిటిలో దేనికి ఒప్పుకున్నా ఇన్నాళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరే. కాదనలేని మోడల్ ఎందుకు? విమానాల వాళ్లు కాన్ఫిగరేషన్‌ని అంత పట్టుదలగా పట్టుకోవడం ఇందుకే. అక్కడ తప్పు పార్టు ఉందంటే విమానం లేవదు. మన పంపు ఆపలేం, నది మన కోసం ఆగదు. కాబట్టి తప్పనిసరైతే మినహాయింపు రాసుకో: ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు, ఏ తేదీ దాకా. గుర్తు ఎర్రగానే ఉండనీ, పక్కన సంతకం ఉండనీ.

రాత్రి పూట పార్టు మార్చిన ఫిట్టర్ దగ్గర మాత్రం మూడే అడుగు. తీసినదాని సీరియల్, పెట్టినదాని సీరియల్, అప్పటి మీటరు రీడింగు. ఈ మూడూ ఒక చిన్న కాగితం మీద వచ్చినా చాలు, పొద్దున్నే ఎక్కించుకోవచ్చు. నాలుగోది అడిగావంటే మొదటి మూడూ రావు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి ఆశీస్సులు. దసరాకి నేను రాలేను, ఇక్కడ పూజల రోజుల్లో డాక్ చుట్టుపక్కల బండి కదలదు. నువ్వు మాత్రం ముందు ఒక్క పంపు తీసుకుని మోడల్ కట్టి, షీటు నాకు పంపు. ఎర్రగుర్తులు ఎన్నొచ్చాయో కూడా రాయి. ఒక్కటీ రాలేదని రాశావో, దసరా లేదు గిసరా లేదు, రైలెక్కి వచ్చి నీ మోటార్ల నేమ్‌ప్లేట్లు నేనే తుడుస్తాను.

ఉంటాను,
నీ పాత రూమ్మేట్